ఒక్క మెతుకు చాలునా?

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన పెద్ద లందురు. వంటయింట ఈ మాట చెల్లును. పొయ్యి మండించు వాయువును భూగర్భమున వెదకువారి పనిలో నిది ఎంతవరకు చెల్లునో మేము విచారింపదలచితిమి.

షేలు అనునది ప్రాచీన జలాశయముల అడుగున బురద పేరుకొని గట్టిపడగా నేర్పడిన పొరరాయి. అందలి రంధ్రములు అతిసూక్ష్మము లగుటచే లోని వాయువు తనంతట వెలికి రాదు. కావున బావిని లోతునకు త్రవ్వి, అడ్డముగా త్రిప్పి, మహాపీడనముతో నీటిని పంపి రాతిని చీల్చుదురు. చీలికలు మూసికొనకుండ ఇసుకను నింపుదురు. అమెరికాలో టెక్సాసునందలి బార్నెట్టు షేలులో జార్జి మిచెల్ సంస్థ 1981 మొదలు పాటుపడి, 1990ల చివర ఈ విద్యను లాభసాటిగా నొనర్చినది.

అయితే షేలులన్నియు ఒక్క తీరున చీలవు. వేచిన అప్పడము తాకగనే విరుగును. తడిసినది వంగునే కాని విరుగదు. రాతియందును అంతే. క్వార్ట్జు, సున్నపుపదార్థము హెచ్చైన పెళుసుదనము. బంకమన్ను హెచ్చైన మెత్తదనము. మెత్తనిరాతిలో ఇసుక దిగబడి చీలిక పూడిపోవును. అందుచే రాతిముక్కను పైకి తెచ్చి, ఒత్తిన నెంత కుంగునో, కుంగునపుడు ప్రక్కల కెంత ఉబ్బునో కొలుతురు. మొదటి దానిని యంగు గుణకముగను, రెండవ దానిని పాయిసాను నిష్పత్తిగను లెక్కకట్టుదురు. భూమిలోని ఒత్తిడి ఏ దిక్కున కనిష్ఠమో బావిలోనే పరీక్షింతురు. చీలిక ఆ దిక్కునకు అడ్డముగా తెరచుకొనును.

ఇంతయు కొలిచినను, బావికి ఎడముగా దాగియున్న పాతభ్రంశమును ఆ రాతిముక్క చెప్పజాలదు. ఇంగ్లండునందలి లాంకషైరులో, బ్లాక్‌పూలు సమీపమున, 2011 ఏప్రిలులో రాతిని చీల్చగా 2.3 పరిమాణముగల భూకంపము కలిగినది. పిదప 0.5కు చేరినచో పని నిలుపవలెనని కట్టడి చేసిరి. అయినను ఆ ప్రాంతముననే మరియొక బావికడ 2019 ఆగష్టు 26న 2.9 పరిమాణముగల కంపము పుట్టినది. ఇట్టి కంపముల సంభావ్యతను, పరిమాణమును ముందుగా సరిగా చెప్పుట సాధ్యము కాదని నియంత్రణాధికారులు తేల్చిరి. నవంబరులో ప్రభుత్వము ఈ పనిని నిలిపివేసినది. 2022 సెప్టెంబరులో సడలించిన నిషేధమును అక్టోబరులో మరల విధించినది.

ఇది శాస్త్రమున కపజయమని కొందరందురు. మేము ఒప్పము. కొలిచినంత చెప్పి, కొలువలేనిదానిని ఒప్పుకొనుటయే శాస్త్రమునకు మర్యాద. లోపము మరియొకచోట నున్నది. లాభము ఒకరిది, గోడ బీటలువారు నను భయము మరియొకరిది. పొయ్యి వెలిగించు గృహిణికి ఈ లెక్కలేల యని యడుగువారు గలరు. ఇంటిక్రింది నేలను చీల్చుటకు ముందు ఆ ఇంటివారికే, వారి భాషలోనే, ఈ లెక్కలు మొదట చెప్పవలెనని మా యభిప్రాయము. తెలిసినదానితోపాటు తెలియనిదియు ఆ లెక్కలో చేరవలెను. అది లేని సమ్మతి సమ్మతి కానేరదు.