పిలిస్తే పలికే పెట్టె

మా తమ్ముడుండే ఊరు రెడ్మండు. అమెరికాకు వాయవ్యపు కొసన, సియాటిల్ పట్నానికి తూర్పున, వాషింగ్టన్ సరస్సుకు ఆవల ఉంటుంది. నాన్నగారు పోయాక అమ్మ వాడి దగ్గరికి వెళ్ళి రెండేళ్ళయింది. మొన్న వేసవి సెలవుల్లో ఊరు చూడడానికే వెడుతున్నానని అందరితోనూ అన్నాను గాని, అమ్మను తెనాలి తీసుకువద్దామన్నది అసలు సంగతి.

గడపలో కాలు పెట్టానో లేదో, తమ్ముడు గాలిలోకి చూసి ఎవరినో పేరుపెట్టి పిలిచి, దీపాలు వెయ్యమని ఇంగ్లీషులో ఆజ్ఞాపించాడు. దీపాలు వెలిగాయి. ఎవరో పనిపిల్ల ఉంది కాబోలునని వంటింటివైపు తొంగిచూశాను. ఎవరూ లేరు. బల్లమీది చిన్న పెట్టె ఒకటి "సరే" అంది!

ఇటువంటి వాటిలో ముందుగా పేరుపడ్డది 2014లో అమెజాన్ వారు తెచ్చిన అలెక్సా. 2016లో గూగుల్ వారు కూడా ఒకదాన్ని దింపారు. మావాళ్ళింట్లో ఉన్నది ఎవరి బిడ్డో నేను చెప్పను. పూర్వం ఇల్లాళ్ళు మగని పేరు ఎత్తేవారు కారు గదా, ఆ ఇంట్లో దాని పేరెత్తడానికి అందరికీ అంత జంకు. మాటల్లో పేరు దొర్లితే చాలు, ఏం కావాలంటూ లేచి కూర్చుంటుంది. మా మరదలు దాని ప్రసక్తి వస్తే కనుసైగతో సరిపెడుతుంది. 2017 జనవరిలో శాండియాగో టెలివిజన్ వార్తల్లో, ఒక చిన్నపిల్ల అలెక్సా చేత బొమ్మరిల్లు తెప్పించుకున్న వైనం చెబుతూ ఆ మాటలే పలికేసరికి, వింటున్నవారి ఇళ్ళలో పెట్టెలు కూడా బొమ్మరిళ్ళకు పురమాయించబోయాయట.

సంబోధన ప్రథమా విభక్తి చెప్పి చెప్పి జుట్టు నెరిసినవాణ్ణి నేను. ఓయి, ఓరి, ఓసి అని పిల్లలు వల్లెవేస్తూంటే ఇదెందుకు పనికొస్తుందా అనుకునేవాణ్ణి. ఈ పెట్టెకు వ్యాకరణమంతా సంబోధనలోనే ఉంది. పేరు వినబడేదాకా చెవి ఒగ్గి ఊరుకుంటుంది. వినబడగానే తర్వాతి మాటల్ని ఎక్కడో ఉన్న కంప్యూటర్లకు పంపి, భావం తెలుసుకుని బదులిస్తుంది.

చిక్కల్లా అమ్మతోనే. అక్కడ వేసవిలో రాత్రి తొమ్మిది దాటితేగాని పొద్దు గూకదు. దీపం పెట్టిన వేళ అమ్మ నోట "ఆర్పు" అన్నమాట రాదు. ఇంగ్లీషులో చెప్పినా అర్థం అదేగదా అని ఆవిడ వాదన. ఒకనాటి రాత్రి దాన్ని పేరుపెట్టి పిలిచి, "దీపం కొండెక్కించమ్మా" అంది. అది ఏమని విన్నదో, దగ్గరలో కార్లమ్మే దుకాణాల చిరునామాలు చదవనారంభించింది. అమ్మ శ్రద్ధగా ఆలకించి, "పాపం, దానికి తెలిసింది అది చెప్పింది" అంది. దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

ఆదివారం సియాటిల్ వెళ్ళాం. సరస్సుమీద వంతెన నీటిపై తేలుతూ ఉంటుంది. 2016లో తెరిచారు, పొడవు సుమారు 2,350 మీటర్లు. తేలే వంతెనల్లో లోకంలోకెల్లా ఇదే పొడవైనదట. ఆకాశం తేటపడి, దక్షిణాన రైనియర్ మంచుకొండ కనిపించింది. "అదుగోరా, దీపాలెక్కే కొండ!" అంది అమ్మ. ఊళ్ళో అమెజాన్ వారి అద్దపు గోళాలు మూడున్నాయి. 2018 జనవరిలో బెజోస్ "తెరు" మని అలెక్సాకు చెప్పి వాటిని ప్రారంభించాడు. ఆలీబాబా కథే. అయితే ఆ గుహలో 40 మంది దొంగలు, ఇక్కడ లోపల 40,000 మొక్కలు.

ఆ రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. హాల్లో మాటలు వినబడ్డాయి. అమ్మ చీకట్లో ఆ పెట్టె ముందు కూర్చుని, మా పెరటి బాదంచెట్టు గాలివానకు పడిపోవడం, నాన్నగారు చివరిరోజుల్లో కాఫీలో పంచదార చాలలేదని అలగడం చెప్పుకుపోతోంది.

"దానికి తెలుగు రాదుగదమ్మా?"

"రాకపోతే ఏం? పేరు పెట్టి పిలవలేదులే. పిలిస్తేగదా మధ్యలో అడ్డొచ్చేది! మీరయితే 'ఇది చెప్పావమ్మా' అంటారు."

కిందటి నెల ఫోనులో ఆ మాట అన్నది నేనే.

"తెనాలి వచ్చెయ్యకూడదూ?" అన్నాను.

"మీ ఇద్దరూ పొద్దున కాలేజీలకు పోతే దీపాలవేళకు గదా వచ్చేది. అక్కడ నాకు ఇది కూడా ఉండదు."

"ఒకటి కొంటానమ్మా" అని నోరుజారాను. అమ్మ కాసేపు నావంక చూసి, పక్కకు జరిగి చోటిచ్చింది.

బాదంచెట్టు సంగతి మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. చెట్టు పడిన రోజున నేనూ అక్కడే ఉన్నాను. ఆ మాట అనలేదు.