రామగిరి మీద పొద్దుపొడుపు

సూర్యోదయం ఫోటో తియ్యాలంటే సముద్రానికే పోవాలనుకుంటారు చాలామంది. గోదావరిఖని, రామగుండం వాళ్ళకు విశాఖ దూరం, రామగిరి దగ్గర. పాత ఖిల్లాకూ మూలికలకూ పేరుపొందిన ఆ కొండ దగ్గర పైసా ఖర్చులేని మందు ఒకటుంది. అది ఉదయపు వెలుగు.

బాయి దిగేవాళ్ళకు వెలుగు కరువు. షిఫ్టులు మారేకొద్దీ నిద్ర చెడుతుంది, చిరాకు పెరుగుతుంది. ఉదయపు వెలుగు కంటికి తగిలితే శరీరంలోని గడియారం సర్దుకుంటుంది, రాత్రి నిద్ర తేలికవుతుంది.

సెలవురోజున ఒకరిని తోడు తీసుకుని వెళ్ళండి. కొండ ఎక్కలేకపోతే తూర్పు కనబడేచోట నిలబడినా చాలు. మూడే ఫోటోలు తియ్యండి. ఒక్కొక్కదానికి ముందు పది శ్వాసలు లెక్కపెట్టండి. రంగులు చూడండి, పిట్టల కూత వినండి. మనసు అప్పులమీదికి పోతే విసుక్కోకుండా వెనక్కి తెండి. 1979లో అమెరికాలో జాన్ కబట్ జిన్ రోగులకు నేర్పడం మొదలుపెట్టిన సాధన సారమూ ఇదే.

రెండు జాగ్రత్తలు. సూర్యుణ్ణి నేరుగా చూడకండి, లెన్సులోంచి అసలే వద్దు. నొప్పి తెలియకుండానే కంటిలోపలి పొర దెబ్బతింటుంది. ఇక నైట్‌షిఫ్టు దిగినవాళ్ళు ఆ ఉదయం కొండకు పోవద్దు. వెలుగు సోకితే పగటినిద్ర పట్టదు. తిన్నగా ఇంటికెళ్ళి, కిటికీలు మూసుకుని పడుకోండి.

రెండువారాలైనా దిగులు తగ్గకపోతే మాత్రం డాక్టరును కలవండి.