అమ్మ మాట, రైలింజను బాట

రైలింజను గురించి రాయబోతున్నాను. అదీ వంటింట్లోంచే! నవ్వకండి, చదవండి.

గుంటూరు - గుంతకల్లు లైను బ్రాడ్ గేజ్ అయిన కొత్తల్లో, నేను ఇంటర్ చదివే రోజుల మాట. గిద్దలూరు వైపు మా పుట్టిల్లు రైలుకట్ట పక్కనే. ఉన్నది ఒకటే లైను. ఎదురుబండి వచ్చేదాకా ఈ బండి ఆగాల్సిందే. ఆగినంతసేపూ డీజిలింజను గుడగుడమంటూ పొగ వదిలేది. మిద్దె మీద ఎండబెట్టిన వడియాలన్నీ మసి!

"కదలని బండికి అంత మంట దేనికిరా?" అని అమ్మ మా మేనమామ మీద విరుచుకుపడేది. ఆయన ఒక డీజిల్ షెడ్డులో ఫిట్టరు.

"ఆపితే ఎట్లా అక్కా? బ్రేకులకు గాలి అందాలి, బ్యాటరీ ఎక్కాలి" అనేవాడు.

"నేను పాలు దాలిలో పిడక మీద కాస్తాను. పొద్దస్తమానం పెద్ద పొయ్యి మండిస్తానా?" అనేది అమ్మ. అందరం నవ్వేవాళ్ళం. బడి ముఖం చూడని మనిషి మాట ఎవరు వింటారు?

అమ్మ పోయాక, రిటైరైన మామయ్య ఓసారి మార్కాపురంలో మా ఇంటికొచ్చాడు. "మీ అమ్మ చెప్పిందే చేశారమ్మా" అన్నాడు. కొన్ని ఇంజన్లలో పెద్ద మిషను పక్కన ఓ చిన్న మిషను పెట్టారట. బండి ఆగి కాసేపయ్యాక పెద్దది ఆగిపోతుంది. గాలి, బ్యాటరీ సంగతి చిన్నది చూసుకుంటుంది. ఊరికే నిలబడినందుకు పెద్దది గంటకు 25 లీటర్లు తాగితే, చిన్నదానికి 3 లీటర్లు చాలునట!

పాత ఇంజన్లను తుక్కు కింద పారెయ్యకుండా పటియాలాలో బాగుచేసి, 2600 హార్స్ పవర్ దాన్ని 3100 చేశారనీ చెప్పాడు. 2018లో వారణాసిలో డీజిలింజన్నే కరెంటింజనుగా మార్చారు. ఇప్పుడు మా లైనుకూ కరెంటు తీగలు వచ్చాయి.

మామయ్య చెబుతుండగానే నాకు నా పొయ్యి గుర్తొచ్చింది. మావారు ఆలస్యంగా వస్తారని పెద్ద బర్నరు మీద పప్పు ఉడుకుతూనే ఉంది! సిగ్గేసింది. గబగబా వెళ్ళి కట్టేశాను. అప్పటినుంచీ పప్పు దించి మూతపెట్టడం, తినేముందు చిన్న బర్నరు మీద వెచ్చబెట్టడం అలవాటు చేసుకున్నాను.

అమ్మ ఉండగా ఒక్కసారైనా "నువ్వన్నది నిజమేనమ్మా" అని ఉంటే ఎంత బాగుండేది!

ఇంతకీ, మీ పెద్ద పొయ్యి ఇప్పుడు ఊరికే వెలగడం లేదు కదా? ఒక్కసారి లేచి చూసి రండి.