నీడ వదలని వంటిల్లు

సూర్యాపేటకి భానుపురి అని ఇంకో పేరు. రెండింట్లోనూ సూర్యుడే! అయినా అక్కడి వంటిళ్లలోకి ఒకసారి తొంగిచూడండి. చాలా ఇళ్లలో గది నడుమ, నడినెత్తిన ఒక బల్బు. గట్టేమో గోడవార. వంటచేసే మనిషి బల్బుకి వీపు పెట్టి నిలబడాలి. ఇంకేముంది, ఆవిడ నీడ ఆవిడ తరిగే వంకాయల మీదే! ఏది పుచ్చో వేలితో తడుముకోవాలి. "అంత పెద్ద లైటు పెట్టించానుగా!" అంటారు ఇంటాయన. నిజమే, గది వెలిగిపోతోంది. గట్టే చీకటి.

వెలుగు ఎంతుందన్నది వేరు, ఎక్కడ పడుతోందన్నది వేరు. అది కొలవడానికి లక్స్ మీటరని చిన్న పనిముట్టు ఉంది. నిండు వెన్నెల పావు లక్సుకి అటూ ఇటూ. నడిమధ్యాహ్నపు ఎండ లక్ష దాకా పోతుంది. శ్రద్ధగా చదువుకోవడానికి 300 కావాలంటారు. దీపాలు అమర్చే ఇంజనీర్లు గదిని గళ్లుగా విడదీసి, పని జరిగే ఎత్తున ఒక్కో గడిలో కొలుస్తారు. ముఖాలు కనబడవలసిన చోట మీటరుని నిలువుగా కూడా పట్టి చూస్తారు. నేల మెరిసిపోతూ ఎదుటి మనిషి ముఖం కనబడకపోతే ఏం లాభం? ఇంకో చిత్రం: బల్బుకి రెట్టింపు దూరం జరిగితే దాని వెలుగు మనకి సగం కాదు, పావే అందుతుంది.

కోదాడలో మా అన్నయ్య ఇంటికి మేనల్లుడు ఆ మీటరు తెచ్చాడు. గట్టు మీద పెట్టి, "అమ్మా, నువ్విలా వచ్చి నిలబడు" అన్నాడు. వదిన నిలబడగానే అంకె మూడోవంతుకి పడిపోయింది.

"నా కళ్లకేం జబ్బు లేదని ఇరవయ్యేళ్లుగా చెబుతూనే ఉన్నాను" అంది వదిన. అంకె కనబడ్డాక గానీ అన్నయ్య నమ్మలేదు.

చీర రంగు చూడాలంటే కొట్టు గుమ్మంలోకి పట్టుకెళతాం. మిర్యాలగూడ మిల్లులో బియ్యం కొనేవాడూ గుప్పెడు గింజలు పట్టుకుని వెలుగులోకి నడుస్తాడు. పొయ్యిని మోసుకుపోలేం కదా!

నల్గొండ దగ్గర పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. ఎండ ఎటు తిరిగినా లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పగలంతా కదలదు. ఎండ నేరుగా లోపలికి రాదు. చెదిరిన వెలుగు స్తంభాల పక్కనుంచి లోపలికి చేరి ఆ నీడని నిలబెడుతుంది. సూర్యాపేట భౌతికశాస్త్ర అధ్యాపకులు శేషగాని మనోహర్ గౌడ్ నమూనా తయారుచేసి మరీ ఈ కిటుకు చూపించారు. ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ల కిందటి శిల్పి నీడని కోరి అక్కడ పెట్టాడు. మన గట్టు మీది నీడని ఎవరూ కోరలేదు. ఎవరూ చూడలేదు, అంతే.

ఇల్లు కట్టిస్తుంటే గట్టు పైన, అలమర అడుగున, చేతులకి ముందువైపు ఒక చిన్న లైటు అడగండి. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు మాత్రం మీరే గట్టు దగ్గర నిలబడి చూపించాలి. ఖాళీ వంటింట్లో ఆ నీడ కనబడదు మరి!