ఎండ ఉచితం, వడ్డీ కాదు

డాలస్ నుంచి ఐ-20 మీద పడమటికి మూడు గంటలకు పైగా వెళ్తే స్వీట్‌వాటర్ వస్తుంది. అక్కడి నుంచి రోడ్డుకు రెండు పక్కలా గాలి మరలే. ఇంకా ముందుకెళ్తే వాటి నీడలోనే చమురు తోడే పంపులు తలలూపుతూ కనిపిస్తాయి. భూమి ఉన్నవాడు రెంటికీ లీజుకిచ్చి ఇద్దరి దగ్గరా చెక్కు తీసుకుంటాడు. చమురా, గాలా అన్న వాదం టీవీలో ఎంత ముదిరినా అతనికి పట్టదు. పెట్టుబడి పాఠం అతని దగ్గరే నేర్చుకోవాల్సింది, కానీ 2020లో డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లమంతా వాట్సాప్ గ్రూపుల్లో నేర్చుకున్నాం.

ఆ ఏడాది సంగతే వేరు. ఐటీ జీతం ఆగలేదు, కోవిడ్‌తో ఇండియా ప్రయాణాలు ఆగిపోయాయి, ఫోన్‌లో కమిషన్ లేని ట్రేడింగ్ ఉంది. ఏప్రిల్ 20న అమెరికా క్రూడాయిల్ ఫ్యూచర్స్ ధర సున్నా దాటి కిందికి, మైనస్ 37 డాలర్లకు పోయింది. ఆగస్టులో చమురు కంపెనీ ఎక్సాన్‌మొబిల్‌ను డౌజోన్స్ సూచీ నుంచి తీసేశారు. అక్టోబరులో గాలి, సౌర విద్యుత్తులో పేరున్న నెక్స్ట్‌ఎరా మార్కెట్ విలువలో కొద్దికాలం ఎక్సాన్‌నే దాటేసింది. ఐషేర్స్ వాళ్ల క్లీన్ ఎనర్జీ ఫండ్ ఆ ఒక్క ఏడాదిలో రెట్టింపు దాటింది. డాలస్ శివారు ఫ్రిస్కోలో ఏ ఇంటి పెరట్లో నలుగురం దూరంగా కుర్చీలు వేసుకుని కూర్చున్నా ఇదే మాట: చమురు పని అయిపోయింది, ఇక సూర్యుడే.

తీరా చూస్తే 2021 జనవరి శిఖరం నుంచి 2023 ఆఖరుకు ఆ ఫండ్ సగానికి పైగా కరిగిపోయింది. పని అయిపోయిందన్న ఎక్సాన్ మాత్రం, ఉక్రెయిన్ యుద్ధం వచ్చిన 2022లో 5,500 కోట్ల డాలర్లకు పైగా లాభం చూపించింది.

సౌర విద్యుత్తు విఫలమైందా అంటే, లేదు. అసలు తమాషా ఇక్కడే ఉంది. ఆ రెండు మూడేళ్లలో టెక్సస్‌లో సౌర పలకల పొలాలు పెరుగుతూనే వచ్చాయి, వాటి వెంట బ్యాటరీలూ వచ్చాయి. పెరిగింది కరెంటు, కరిగింది షేరు. గ్యాస్ ప్లాంటు అయితే ఇంధనం ఎప్పటికప్పుడు కొనుక్కుంటుంది. గాలికీ ఎండకూ ఆ ఖర్చు లేదు. ఖర్చంతా మొదటి రోజే, అదీ ఎక్కువగా అప్పు తెచ్చే. 2022 మార్చి దాకా సున్నా దగ్గరున్న అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ వడ్డీ రేటు 2023 జులైకి అయిదుంబావు శాతం దాటేసరికి లెక్కలన్నీ తారుమారయ్యాయి. డెన్మార్క్ కంపెనీ ఓర్‌స్టెడ్ న్యూజెర్సీ తీరంలో కట్టాల్సిన రెండు సముద్ర గాలి ప్రాజెక్టులను 2023లో వదిలేసుకుంది. పైగా చైనాలో ఫ్యాక్టరీలు అతిగా పెరిగి, ఆ ఒక్క ఏడాదే పలకల ధర దాదాపు సగానికి పడింది. కొనేవాడికి పండగ, అమ్మేవాడి వాటాదారుకు ఏకాదశి. ఒక వస్తువు ప్రపంచమంతా పాకుతోందంటే దాన్ని తయారుచేసేవాడు బాగుపడతాడన్న గ్యారంటీ లేదని నాకు అప్పుడే అర్థమైంది.

ఇంటి కప్పు కథ ఇంకోటి. శనివారం పొద్దున్నే టాబ్లెట్ పట్టుకుని తలుపు తట్టే సోలార్ కుర్రాళ్లు మా వీధికి కొత్తేమీ కాదు. ముప్పై శాతం పన్ను రాయితీ అనేవారు, పాతికేళ్ల లోన్ అనేవారు. మా వాళ్లలో చాలామందికి చేతిలో ఉన్నది మూడేళ్ల వీసా, గ్రీన్‌కార్డు ఎప్పుడో తెలియదు. మనమే ఎన్నాళ్లుంటామో తెలియని ఇంటి మీద పాతికేళ్ల పలకలా అని తటపటాయించినవాళ్లే ఎక్కువ. 2025 జులై 4న సంతకమైన చట్టంతో ఇళ్లకిచ్చే ఆ రాయితీ ఆ ఏడాది ఆఖరుకే ముగిసింది. ఆ చివరి నెలల్లో తలుపు తట్టినవాళ్ల తొందర చూడాలి!

హైదరాబాదులో మా తమ్ముడు 2024 ఆగస్టులో ఫోన్ చేసి, "అక్కా, ప్రీమియర్ ఎనర్జీస్ ఐపీఓకి అప్లై చేశా, మన ఊరి కంపెనీయే" అన్నాడు. సోలార్ సెల్స్, మాడ్యూల్స్ చేసే కంపెనీ అది. 450 రూపాయల షేరు సెప్టెంబరు 3న 990 దగ్గర లిస్టయింది. వాడికి అలాట్‌మెంటే రాలేదు. 2020 నాటి మా పెరటి కుర్చీల కబుర్లు గుర్తొచ్చి, ఏం అనాలో తోచలేదు.

ఇప్పుడు వాడి గొంతులో కొత్త పాట. డేటా సెంటర్లకు కరెంటు చాలడం లేదట, ట్రాన్స్‌ఫార్మర్లకు కొరతట, "వాటిని చేసే కంపెనీలు ఎట్లుంటయక్కా?" అంటాడు. కొరత నిజమే, ఇక్కడా చూస్తున్నాను. అందుకే ఎదురు అడిగాను: ఆ ఫ్యాక్టరీ మీద అప్పెంత, వడ్డీ ఎంత, అదే సరుకు చేయడానికి ఇంకా ఎంతమంది కొత్త షెడ్లు కడుతున్నారు? "నువ్వు షేర్ల గురించి చెప్పమంటే బ్యాంకు మేనేజరులా మాట్లాడతావేంది" అని ఫోన్ వాళ్లావిడకిచ్చాడు.