పువ్వులు లెక్కపెట్టి, చెప్పులు విప్పి

మనకు నూటపదహార్లు శుభం. రష్యాలో ఆ లెక్కను పూల దుకాణం దాకా తీసుకెళ్లకూడదు. సరిసంఖ్యలో పూలు అక్కడ సమాధి మీద పెడతారు. డజను గులాబీలు తెచ్చానని మురిసిపోతున్న కుర్రాడి ముందే ఆ అమ్మాయి ఒక పువ్వు తీసి పక్కన పెట్టిందంటే అలిగిందని బెంగపడక్కర్లేదు, గుత్తిని బేసికి తెచ్చిందంతే. రంగుకూ పట్టింపుంది. మనింట్లో గుమ్మానికి కట్టే పసుపుపచ్చ పూలు అక్కడ ఎడబాటుకు గుర్తు. బుల్గాకోవ్ నవలలో నాయిక మార్గరీటా మొదటిసారి కనిపించేటప్పుడు ఆమె చేతిలో ఉన్నవి పసుపు పూలే. రష్యన్ పాఠకుడి మనసు అక్కడే కీడు శంకిస్తుంది. అయితే మార్చి 8న ఈ పట్టింపుకూ సెలవే. 1965లో సోవియట్ ప్రభుత్వం మహిళా దినోత్సవాన్ని సెలవురోజు చేసింది. ఆ రోజున అమ్మకూ భార్యకూ టీచరమ్మకూ ఆఫీసులో పక్కసీటావిడకూ అందే మిమోజా కొమ్మలు నిక్షేపంలాంటి పసుపు!

పక్కసీటావిడకు కూడానా అని ముక్కున వేలేసుకోనక్కర్లేదు. రష్యాలో మగవాడి మర్యాదకు, వలపుకు మధ్య చాలా దూరం ఉంది. మనవాళ్లు బోల్తా పడేది సరిగ్గా ఆ దూరంలోనే. కుర్స్క్‌లోనో త్వేర్‌లోనో మెడిసిన్ చదివే తెలుగమ్మాయి థియేటర్‌లో కోట్లు దాచే కౌంటర్ దగ్గర నంబరు బిళ్ల ఇచ్చి తన కోటు అందుకోబోతుంది. ఈలోగా క్లాసులోని రష్యన్ అబ్బాయి ఆ కోటు తీసుకుని, చేతులు దూర్చడానికి వీలుగా వెనక నిలబడి పట్టుకుంటాడు. బస్సు దిగేటప్పుడు చెయ్యి అందిస్తాడు. టీ తాగితే బిల్లు తనే ఇస్తాడు. హాస్టల్‌కి వచ్చి ఆమె రూమ్మేట్లతో ఈ సంగతి రాత్రంతా చర్చిస్తుంది. వాడు మాత్రం ఇంటికెళ్లి హాయిగా నిద్రపోతాడు. అదే కౌంటర్ దగ్గర మన అబ్బాయి తన కోటు తాను తొడుక్కుని గబగబా నడిస్తే, వెనక వచ్చే రష్యన్ అమ్మాయి మొహం చిట్లిస్తుంది. పెంపకం ఎలాంటిదో అనుకుంటుంది తప్ప ఇతగాడు సిగ్గరి అని ఆమెకు తట్టదు.

విదేశీయుడితో ప్రేమ ఒకప్పుడు మొహం చిట్లింపుతో పోయేది కాదు. సోవియట్ పౌరులు విదేశీయులను పెళ్లాడరాదని 1947లో ఏకంగా చట్టమే చేశారు. స్టాలిన్ పోయాక 1953లో దాన్ని ఎత్తేశారు గాని, భయం అంత త్వరగా పోలేదు. ఆ చిక్కు స్టాలిన్ సొంత కూతురికే ఎదురైంది. మాస్కో ఆసుపత్రిలో 1963లో పరిచయమైన భారతీయుడు బ్రజేష్ సింగ్‌తో పెళ్లి రిజిస్టర్ చేయించుకుంటానని స్వెత్లానా అడిగితే ప్రధాని కొసిగిన్ ససేమిరా అన్నాడు. 1966లో బ్రజేష్ సింగ్ పోయాక అస్థికలు తీసుకుని గంగ ఒడ్డుకు వెళ్లడానికి మాత్రం అనుమతి దొరికింది. ఆ వచ్చినావిడ 1967 మార్చిలో ఆశ్రయం కోరుతూ ఢిల్లీలోని అమెరికా ఎంబసీ మెట్లెక్కింది. బతికున్నవాడితో కాపురానికి లేని అనుమతి బూడిదకు ఇచ్చినందుకు క్రెమ్లిన్ తల పట్టుకుని ఉంటుంది.

స్నేహం దగ్గర అంతా తారుమారు. రైల్లో ఎదురు సీటాయన్ని పది నిమిషాల్లో బాబాయ్ అనేయడం మనకు అలవాటు. మాస్కో మెట్రోలో ఎవరూ ఎవరినీ చూసి నవ్వరు. 2018 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు ముందు రైల్వే సిబ్బందికి నవ్వడంలో శిక్షణ ఇవ్వాల్సి వచ్చిందంటే చూడండి. అలాగని వాళ్లకు కోపమేమీ ఉండదు. తెలియని మనిషిని చూసి నవ్వాల్సిన పనేముందన్నది వాళ్ల ప్రశ్న.

పరిచయం ముదిరి ఇంటికి పిలిచారా, ఇక వేరే లోకం. గడపకు అటూ ఇటూ నిలబడి చెయ్యి కలపకూడదు. ఈ ఒక్క పట్టింపూ మన బామ్మలకు కొత్తేమీ కాదు. బూట్లు విప్పగానే ఇంట్లో తొడుక్కునే చెప్పులు ఇస్తారు. నేరుగా వంటింట్లోకే తీసుకెళతారు. క్రుష్చేవ్ కాలంలో, 1950ల చివర నుంచి, కట్టిన అపార్ట్‌మెంట్లలో వంటిల్లు అయిదారు చదరపు మీటర్లే. అయినా నాలుగైదు కుటుంబాలు ఒకే పొయ్యి దగ్గర క్యూ కట్టిన ఉమ్మడి ఫ్లాట్ల నుంచి వచ్చినవాళ్లకు, తలుపు వేసుకోగలిగే ఆ గది ఒక రాజ్యం. బయట అనలేని మాటలన్నీ అక్కడే అనుకున్నారు. ఇప్పటికీ ఆ ఇరుకు బల్ల చుట్టూ టీ మీద టీ పడుతూ, తెల్లారేదాకా మాటలు సాగుతుంటాయి. మొహమాటమన్నది ఉండదు. ఒళ్లు చేశావని, నీ థీసిస్ పేలవంగా ఉందని, ఆ అమ్మాయి నీకు తగదని ఒక్క గుక్కలో చెప్పేస్తారు. ఆ చివరి సలహా వినని తెలుగు పెళ్లికొడుకులూ ఉంటారు.

రష్యన్ పెళ్లిలో వరుడు వధువు గుమ్మం దగ్గరే ఆగాలి. ఆమె స్నేహితురాళ్లు పొడుపు ప్రశ్నలేసి, డబ్బు గుంజి, లోపలికి వదులుతారు. గుమ్మంలో అడ్డుకుని పేరు చెప్పమనే ఆడపడుచులను ఎరిగినవాడు గనక మన పెళ్లికొడుకు ఇందులో అవలీలగా గట్టెక్కుతాడు. అసలు పరీక్ష విందులో ఉంటుంది. గ్లాసులెత్తి అతిథులంతా ‘గోర్కా! గోర్కా!’ అని అరుస్తారు. వోడ్కా చేదెక్కిందట, తీపి చెయ్యమని. అంటే లేచి నిలబడి ముద్దు పెట్టుకోవాలి. ఒకటి, రెండు, మూడు అని హాలంతా గొంతెత్తి లెక్కపెడుతుంది. ఇలా భోజనాలు అయ్యేలోపు ఎన్నిసార్లో. విశాఖపట్నం నుంచి నాన్నగారు వీడియో కాల్‌లో చూస్తున్నారని తెలిసిన పెళ్లికొడుకు, లెక్క రెండు దాటకముందే కూర్చోబోతాడు. పెళ్లికూతురి మేనమామ ఊరుకోడు, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాడు.