రెండు తలల పాముకు పాలెందుకు?

రెండు తలల పాముకు ఉండేది ఒక్క తలే. రెండోది మొద్దు తోక. విషం లేదు, చేతిలోకి తీసుకున్నా మామూలుగా కరవదు. ఆ నెమ్మదితనమే దానికి చేటు.

మా పక్క చేను కుర్రాడు ఒకదాన్ని బకెట్లో వేసి పాలు పోస్తున్నాడు. "పెంచుకుంటా పెదనాన్నా" అన్నాడు. పాలు దాని తిండి కాదురా, ఎలుకని చుట్టి నలిపి మింగుద్ది అని చెప్పాను. లక్షలు వస్తాయన్నది ఒట్టి మోసం. 1972 వన్యప్రాణి చట్టం కింద పట్టుకోవడమే నేరం. విని, చేలో వదిలేశాడు. నిమిషంలో మట్టిలోకి దూరింది.

ఇందులో మచ్చల రకం ఒకటుంది, చూడ్డానికి రక్తపింజరలా ఉంటది. అదే అనుకుని అసలు పింజర మీద చెయ్యేస్తే ప్రాణానికే ముప్పు.

వేరుశనగలో ఎలుకలు చేసే నష్టం మనకు తెలిసిందే. దాన్ని మేపాలనుంటే చేలోనే ఉండనివ్వండి.